ఆపమన్న ఉత్తర్వు రాలేదు

ఇదిగో మళ్ళీ, ఇప్పుడే కదా అయిపోయింది, ఊపిరి పీల్చుకునే వ్యవధైనా ఇవ్వకుండా మళ్ళీ అందుకుంది, తన గొంతే, ప్రయాణికులకు మనవి అంటూ, తేనె పూసినట్టు, స్వస్థలాలకు వెళ్ళగోరు ప్రయాణికుల సౌకర్యార్థం ప్రత్యేక బస్సులు నడపబడుచున్నవి అంటూ, ప్రత్యేక అన్న చోట ఒక చిన్న చిరునవ్వు, ఆ చిరునవ్వుని పట్టుకుని నేలకేసి కొట్టాలని ఉంది ఆమెకి. బస్ స్టేషన్ మేడమీది అద్దాల గదిలో, ఇన్నేళ్ళుగా తనదే అయిన అనౌన్సరు కుర్చీలో, నోరు మూసుకుని కూర్చుని తన మాటలు తనే వినడం. కింద ప్రాంగణంలో ఇసక వేస్తే రాలనంత జనం, మూటల మీద, పెట్టెల మీద, గిన్నెలు సర్దిన బకెట్ల పక్కన, చుట్టిన పరుపుల మీద. గొంతు మొదలైన ప్రతిసారీ అందరూ తలెత్తి లౌడ్‌స్పీకర్ల వైపు చూస్తున్నారు, ఆ డబ్బాల్లోంచి బస్సు ఊడిపడుతుందేమో అన్నట్టు. ఒక్క బస్సు లేదు. రాదు కూడా. ఆ సంగతి ఈ మేడ మీది ఇద్దరికి తెలుసు, తనకీ, పక్కగదిలో ఫోనుకి అతుక్కుపోయిన స్టేషన్ అధికారికీ. కిందివాళ్ళకి తెలియదు. తెలియకుండా ఉండడానికే ఆ గొంతు అలా మోగుతోంది.

నిన్న సాయంత్రం టీవీలో ప్రకటన వచ్చింది, రేపటి నుంచి అన్నీ బంద్, ఎక్కడివాళ్ళు అక్కడే, గడప దాటితే ఊరుకోం. చీకటి పడేలోగా ఇంకో ప్రకటన, సొంత ఊళ్ళకి వెళ్ళాలనుకునేవాళ్ళకి ప్రత్యేక బస్సులు, భయపడకండి. తెల్లవారుతుండగా మూడోది, స్టేషన్ అధికారికి ఫోన్లో మాత్రమే, బస్సుల్లేవు, ఆలోచన విరమించుకున్నాం. మొదటి రెండూ చెప్పడానికి లోకంలో ఉన్న నోళ్ళన్నీ లేచాయి, టీవీలూ, పేపర్లూ, సందుసందుకీ తిరిగిన మైకు బళ్ళూ. మూడోది చెప్పడానికి ఒక్క నోరూ పెగలడం లేదు. ఇన్నాళ్ళూ ఇదే వరస. చేతులు కడుక్కుంటే చాలన్నారు. మాస్కులు రోగులకే, మీకెందుకు అన్నారు. తర్వాత మాస్కు లేనివాడు దేశద్రోహి అన్నారు. చిన్న జలుబులాంటిదేనన్నారు, అన్న నోటితోనే ఇంట్లోంచి కదిలితే చస్తారన్నారు. తప్పు చెప్పారని కాదు ఆమెకి మంట. కొత్త జబ్బు, ఎవరికి మాత్రం ఏం తెలుసు, తప్పు చెప్పచ్చు. నిన్న చెప్పింది తప్పు అని ఈరోజు ఒక్కడైనా అనడే. నిన్నటి మాట అసలు ఎవరూ అననట్టు, జనమే చెవులు సరిగ్గా పెట్టుకోనట్టు, కొత్త మాట పాత మాట మీద వెల్ల వేసినట్టు వేసుకుంటూ పోవడం.

వెల్ల అంటే గోడలకి రంగులేసే అన్నయ్య గుర్తొచ్చాడు. గుర్తు రావడమేమిటి, కిందే ఉన్నాడు, ఆ మూల, మూతపడిన కాఫీ స్టాలు గోడకి ఆనుకుని, రంగు మరకల చొక్కా. ఇంత ఎత్తునుంచి కూడా ఆ చొక్కాని పోల్చగలదు. పక్కన వదిన, కాళ్ళు చాపుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని. ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చూడకు. చూడకు అనుకున్నప్పుడల్లా చూపు అటే పోతోంది, నాలుక పుచ్చుపన్ను దగ్గరికి పోయినట్టు.

ఇంకొకసారి వింది. తమ సామానుతో ప్రాంగణంలో వేచి ఉండవలసినదిగా కోరుచున్నాము. ఇది తను అన్న మాటే, కానీ ఇప్పుడు అన్నది కాదు, వీళ్ళతో అన్నది కాదు. ఎప్పుడో వేసవి సెలవుల రద్దీ కోసం చెప్పిన ప్రకటన. నిన్న రాత్రి ప్రధాన కార్యాలయంలో ఎవడో దాని మొదట్లో ఉన్న వేసవి సెలవుల సందర్భంగా అన్న ముక్కని కత్తిరించి పారేసి, మిగిలింది అలాగే వదిలేశాడు. కత్తిరించడం కూడా చేతకాలేదు వెధవకి. మనవి తర్వాత, స్వస్థలాలకి ముందు, ఒక చిన్న ఊపిరి వినపడుతుంది. ఎవరికీ వినపడదు, ఆమెకి వినపడుతుంది. వేసవి అనడానికి పీల్చిన ఊపిరి అది. మాట పోయింది, ఊపిరి మిగిలింది. ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి తనకి తెలియకుండానే తనూ ఊపిరి పీలుస్తోంది, మాట అందుకోబోయినట్టు, అందుకునేలోగా ఆ గొంతు తనని తోసుకుని ముందుకి పోతోంది.

ఆ రోజు, రికార్డు చేసిన రోజు, గోడలకి పరుపులు కొట్టిన చిన్న గది, ఉక్క, ఫ్యాను వేస్తే చప్పుడని ఆపేశారు. ఒకటి, రెండు, మూడు, అంకెలన్నీ విడివిడిగా చెప్పించారు. ఊళ్ళ పేర్లు విడివిడిగా. వచ్చి ఉన్నది, బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది, ఆలస్యముగా నడచుచున్నది. మీ మాటలన్నీ డబ్బాలో పోసుకుంటామమ్మా, ఎప్పుడు ఏది కావాలంటే అది తీసి అతికించుకుంటాం అన్నాడు రికార్డింగాయన, పుణ్యం కట్టుకుంటున్నట్టు. పెళ్ళైన కొత్త. పొద్దుటి నుంచి చెప్పి చెప్పి గొంతు ఎండిపోయి, సాయంత్రానికి మాటలకి అర్థాలు పోయాయి. బస్సు బస్సు బస్సు అని పదిసార్లు అంటే బస్సు అంటే ఏమిటో తెలియకుండా పోతుంది, ఎవరైనా చేసి చూడచ్చు. అప్పుడు అద్దం అవతలి నుంచి ఆయన, "నవ్వుతూ చెప్పమ్మా. మొహం ఎవడికీ కనపడదు, నవ్వు వినపడుతుంది. నవ్వకపోతే టికెట్టు లేనివాణ్ణి దింపేస్తున్నట్టుంటుంది" అన్నాడు. నవ్వింది. ఎవరిని చూసి నవ్విందో కూడా గుర్తుంది, ఎదురుగా అద్దంలో తన మొహాన్నే చూసి. ఆ ఇరవయ్యో పడి పిల్ల నవ్వు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తన జుట్టు నెరిసింది, మోకాలు నొప్పి వచ్చింది, అమ్మ పోయింది. అమ్మ పోయిన రోజున తను ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళడానికి ఇక్కడికే వచ్చి బస్సెక్కుతుంటే నెత్తిమీద ఆ పిల్ల నవ్వుతూ మీ ప్రయాణం సుఖప్రదం కావాలని ఆకాంక్షిస్తున్నాము అంది. ఆ రోజు కోపం రాలేదు. విచిత్రంగా అనిపించింది, అంతే. ఇంట్లో తనతోపాటే పుట్టిన ఎవరో పిల్ల ఉండి, ఆమెకి వయసు రావడం లేదన్నట్టు. నిన్న ఆ పిల్లని వెంటబెట్టుకుని సందుసందుకీ తిప్పారు రాత్రంతా, మైకు బండి మీద ఎక్కించి. నవ్వవే, నవ్వు, నువ్వు నవ్వితే వస్తారు. వచ్చారు.

ఫోను బల్ల మీద గిరగిరా తిరిగింది. అన్నయ్య.

"ఏం పిచ్చుకా, బస్సేదీ?"

"చూస్తున్నా అన్నయ్యా."

"పొద్దుట్నుంచీ మైకులో ఊదరగొడుతూనే ఉన్నావు. ఒక్క హారన్ చప్పుడైనా వినపడలా. నీ గొంతెక్కి వెళ్ళమంటావా ఏంటి ఊరికి?"

వెనకాల ఎవరో నవ్వారు. అన్నయ్య జనంలో ఉంటే ఇంతే, చుట్టూ నలుగురు చేరతారు.

"వదినెలా ఉంది?"

"ఎలా ఉంటుంది, కుట్లు లాగుతున్నాయంటోంది. కూచుంటే నొప్పి, పడుకుందామంటే జాగా లేదు. సరే, ఆ మైకులో సంగతి వదిలెయ్. నువ్వు చెప్పు. వస్తుందా, రాదా?"

నాలుక మీదికి వచ్చింది. రెండక్షరాలు. అక్కడే ఆగిపోయింది.

"కనుక్కుని చెప్తా."

"కనుక్కో మరి. నువ్వు వస్తుందంటే వస్తుంది, రాదంటే రాదు. ఇక్కడ అందరికీ చెప్పేశా, ఆ గొంతు మా చెల్లెలిదే అని. నాకెంత మర్యాద చేస్తున్నారో తెలుసా, ఎవరో దుప్పటి పరిచి మరీ కూచోబెట్టారు. నీ పుణ్యమే."

పెట్టేశాడు. టీవీతో పోట్లాడే మనిషి. వార్తలు చదివే అమ్మాయితో ఆపవే నీ అబద్ధాలు అని అరిచే మనిషి. ఈ జబ్బు కూడా మొదట్లో నమ్మలేదు, మనని ఇళ్ళల్లో కూచోబెట్టి వాళ్ళేదో చక్కబెట్టుకోవాలిలే అన్నాడు, తర్వాత పక్కింటి మేస్త్రీని ఊపిరాడక మోసుకెళ్ళినప్పుడు నోరు మూసుకున్నాడు. పోయిన వారమే వాళ్ళ కంట్రాక్టరు పిలిచి గోడల మీద ఇంట్లోనే ఉండండి అని రాయించాడు, ఊరంతా, మనిషంత అక్షరాలు, ఎర్ర రంగు. నేను గోడల మీద రాస్తున్నా, నువ్వు మైకులో చెప్తున్నావు, ఊరిని నడిపేది మనిద్దరమేనే పిచ్చుకా అని ఒకటే నవ్వు. ఇంట్లోనే ఉండండి అని రాసినవాణ్ణి, అద్దెకిచ్చిన ఇంటాయన నిన్న రాత్రి ఇంట్లోంచి పొమ్మన్నాడు. మైకు బండి సందులోకి వచ్చి వెళ్ళిన మరుక్షణం వచ్చాడట, బస్సులున్నాయంటున్నారుగా, ఇంకా ఎందుకు ఇక్కడ, మీరు పదిమందిలో తిరిగే మనుషులు, మా ఇంట్లో పెద్దవాళ్ళున్నారు అని. సామాను బయట పెట్టించి తన తాళం వేసుకున్నాడు. ఎవరి మాట విని వేశాడు తాళం? అన్నయ్య ఎవరి మాట విని వాదించకుండా మెట్లు దిగాడు? లోకంలో ఎవరు చెప్పినా నమ్మనివాడు. చిన్నప్పుడు ఇంట్లో ఏది పగిలినా అమ్మ వాణ్ణి అడిగేది కాదు, తనని పిలిచేది, నువ్వు చెప్పవే అని. తను చెప్తే వాడు తన్నులు తినేవాడు. తిని, ఏడ్చి, సాయంత్రానికి మళ్ళీ వచ్చి పిచ్చుకా ఆడుకుందాం రా అనేవాడు. చాడీలు చెప్పావని ఒక్కసారీ అనలేదు. జరిగింది చెప్పింది, అంతేగా అనుకునేవాడేమో. ఆ నమ్మకాన్ని ఎవడో కత్తెర పట్టుకుని, వేసవి అన్న ముక్క తీసేసి, వాడేసుకున్నాడు. తనని అడగను కూడా అడగలేదు. అమ్మా, నీ గొంతుతో ఒక మాట చెప్పించుకుంటాం అని ఒక్క ఫోను. డబ్బాలో పోసుకున్నది వాళ్ళ సొమ్మే కదా.

ఫోను మళ్ళీ. ఈసారి భర్త. స్కూలు మాష్టారు, సెలవులిచ్చేశారు, పొద్దస్తమానం టీవీ ముందే. పాలప్యాకెట్టు సబ్బుతో కడుగుతాడు, తలుపు గడియ కడుగుతాడు, న్యూస్‌పేపర్‌ని ఇస్త్రీ చేసి మరీ చదువుతాడు. ఇస్త్రీ చేసిన పేపర్లో వచ్చింది గనక అందులో ఉన్నదంతా శుద్ధమే ఆయనకి.

"టీవీలో చూపిస్తున్నారు మీ స్టేషన్. అంత జనమేంటి, బొత్తిగా బాధ్యత లేదు. ఇంట్లో ఉండమంటే ఉండరే?"

"ఇళ్ళు లేవండీ వాళ్ళకి. బస్సులున్నాయని చెప్పి రప్పించారు."

"పైవాళ్ళు ఆలోచించకుండా చేస్తారా? ఏదో ఉంటుంది మనకి తెలియంది. అది సరే, మీ అన్నయ్యావాళ్ళు కూడా వచ్చారట, మెసేజ్ పెట్టాడు. మన ఇంటికి మాత్రం తీసుకురాకు. నాకేం కోపం లేదు మీ అన్నయ్య మీద. వైరస్‌కి బంధుత్వాలు తెలియవు."

"నేనూ ఈ స్టేషన్ నుంచేగా రావాలి ఇంటికి."

"నువ్వు వేరు. నీకు పాసుంది."

నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. పాసుంది. మెడలో వేలాడుతోంది, ముద్ర వేసిన అట్టముక్క, దాన్ని చూసి వైరస్ నమస్కారం పెట్టి పక్కకి తప్పుకుంటుంది. ఈయన చెడ్డమనిషి కాదు. భయపడ్డ మనిషి. భయపడ్డవాళ్ళకి ఎవరో ఒకరు పైన ఉండి అన్నీ చూసుకుంటున్నారని కావాలి, లేకపోతే నిద్ర పట్టదు. ఆసుపత్రివాళ్ళ కోసం చప్పట్లు కొట్టమన్న సాయంత్రం ఈయన బాల్కనీలో నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుని కొట్టాడు, నిజంగానే. అపార్ట్‌మెంటంతా కొట్టింది. కొట్టిన చేతులతోనే మర్నాడు మూడో అంతస్తు నర్సు ఎక్కకుండా లిఫ్టు తలుపుకి తాడు కట్టారు. తాడు ఎవరు కట్టారని అడిగితే అందరూ అందరి వైపూ చూశారు. ఈయన తన వైపు చూడలేదు. ఆ రాత్రి పక్కన పడుకుని ఈయన వేళ్ళ వైపు చూసింది ఆమె, తాడు ముడి వేసిన వేళ్ళేనా అని. అడగలేదు. అడగకపోవడం అలవాటైపోయింది. మైకు ముందు కూచునే మనిషి, ఊరందరికీ చెప్పే మనిషి, నిజానికి ఎప్పుడైనా ఎవరికైనా ఏమైనా చెప్పిందా? చదివింది. రాసిచ్చింది చదివింది. బస్సు ఆలస్యముగా నడచుచున్నది, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఎవరు చింతించారు? తను చింతించలేదు. వాళ్ళూ చింతించలేదు. చింతిస్తున్నాము అన్న మాట ఒక్కటే చింతించింది ఇన్నేళ్ళూ.

తలుపు తోసుకుని పెద్దమ్మ వచ్చింది, కింద ఆడవాళ్ళ విశ్రాంతి గది చూసుకునే మనిషి, కొంగు మూతికి కట్టుకుని, చేతిలో ఖాళీ సీసా.

"పైన నీళ్ళున్నాయా అమ్మాయ్? కింద కుళాయి ఆగిపోయింది. పసిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు."

తన సీసా ఇచ్చేసింది. మూలనున్న డబ్బాలోవీ వంచింది.

"బస్సు కదిలిందాకా ఓర్చుకోండమ్మా, ఇంకెంతసేపు, చెప్తానే ఉందిగా పిల్ల అని అందరికీ చెప్తున్నా." పెద్దమ్మ సీసా మూత బిగిస్తూ నవ్వింది. "గొంతు భలే ఉంది ఇవాళ. ఏం తాగుతున్నావేంటి?"

"అది నేను కాదు పెద్దమ్మా. రికార్డు."

"ఏదైతేనేం, నువ్వేగా."

మెట్లు దిగే చప్పుడు. నువ్వేగా. ఎంత తేలిగ్గా అనేసింది. ఎలా కాదనడం? నేను కాదు అన్న మాటనే కదా పొద్దుటి నుంచి పట్టుకుని వేలాడుతోంది. టీవీవాడు అంటాడు, నేను కాదు, నాకిచ్చింది చదివాను. మైకు బండి డ్రైవరు, నేను కాదు, బండి తోలాను. ఇంటాయన, నేను కాదు, బస్సులున్నాయన్నారుగా. కత్తిరించినవాడు, నేను కాదు, ఉన్నదే అతికించాను. ఇంతమంది కాదుకాదంటుంటే ఇంత జనం ఇక్కడికి ఎలా వచ్చారు, గాలికి కొట్టుకొచ్చారా?

పక్కగదిలో కుర్చీ జరిగింది. సర్దుబాటు సార్ వచ్చాడు. స్టేషన్ అధికారికి సిబ్బంది పెట్టుకున్న పేరు అది, ఏది అడిగినా సర్దుకుందాం అంటాడు కాబట్టి. జీతాలు ఆలస్యమైతే సర్దుకుందాం, పైకప్పు కారితే సర్దుకుందాం. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది, చొక్కా చంకల్లో తడిసింది, రాత్రంతా నిద్రలేని కళ్ళు. జాలి పడదామనుకుంది. పడలేకపోయింది.

"సార్, ఆ రికార్డు ఆపండి."

"ఎలా ఆపమంటావమ్మా? వెయ్యమని ఉత్తర్వు కాగితం మీద వచ్చింది, సంతకంతో. ఆపమని రాలేదు."

"బస్సుల్లేవని మీకు చెప్పారు కదా."

"అది ఫోన్లో చెప్పారు. ఫోన్లో చెప్పినదానికి ఆధారమేముంటుంది? రేపెవరైనా అడిగితే ఏం చూపించను, నా చెవా?"

"ఏమీ వద్దు సార్, ఊరికే ఆపండి చాలు."

"ఆపితే బస్సుల్లేవని అర్థమైపోతుంది. అర్థమైతే రోడ్ల మీద పడతారు. పైనుంచి లారీలు పంపిస్తున్నారు, అప్పటిదాకా వీళ్ళు చెదరకూడదు. లారీలు రాగానే గేట్లు వేసేస్తాం. ఊరి బయట గోడౌన్లున్నాయి చూడు, సిమెంటువి, అక్కడ పెడతారు."

"ఎన్నాళ్ళు?"

"నన్నడగకు."

"తిండీ, నీళ్ళూ?"

"అది వేరే శాఖ."

"ఇంతమందిని లారీల్లో కుక్కుతారా? మనిషికీ మనిషికీ దూరం ఉండాలని ఊరంతా గోడల మీద రాయించింది మీరే కదా సార్. మా అన్నయ్యే రాశాడు."

"రాయించేవాళ్ళు వేరు, లారీలు పంపేవాళ్ళు వేరు. నువ్వు నన్ను చంపుకు తినకమ్మా, నేనేం చెయ్యను." కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూసి, గొంతు తగ్గించాడు, కింద ఎవరో వింటారన్నట్టు. "మీ అన్నయ్యా, వాళ్ళావిడా ఉన్నారట కదా. వెనక గేటు దగ్గర స్టాఫ్ జీపుంది. వాళ్ళిద్దర్నీ మెల్లిగా ఇటు పిలిపించు, ఎక్కడ దింపమంటే అక్కడ దింపిస్తా. నేనేం రాక్షసుణ్ణి కాదు. కానీ నోరు జారకు. ఒకరికి తెలిస్తే అందరికీ తెలిసినట్టే."

వెళ్ళిపోయాడు. మొదట గుండె తేలికైంది. అబద్ధమెందుకు, హమ్మయ్య అనుకుంది. జీపు, వెనక సీటు, వదిన కాళ్ళు చాపుకోవచ్చు, భర్తతో పోట్లాడి ముందుగది ఖాళీ చేయించడం, దుప్పట్లు, వేడినీళ్ళు. అంతా క్షణంలో కళ్ళముందు అమరిపోయింది. ఫోను చేతిలోకి తీసుకుంది కూడా. అప్పుడు వచ్చింది కోపం, సార్ మీద కాదు, తేలికైన తన గుండె మీద. ఎంత సులువుగా కొనేశాడు. ఎంత చవగ్గా పోయింది. పొద్దుటి నుంచి రగిలిన కడుపు ఒక్క జీపుతో చల్లారిపోయింది. అంటే తను మండిపడింది ఇంతసేపూ వీళ్ళందరి కోసం కాదా, అన్నయ్య ఇందులో ఇరుక్కున్నాడని మాత్రమేనా? ఇలాగే కదా జరిగేది ఎప్పుడూ. కాస్త గొంతున్నవాళ్ళకి ఒక వెనక గేటు చూపిస్తారు. వాళ్ళు తలవంచుకుని, చెప్పుల చప్పుడు వినపడకుండా వెళ్ళిపోతారు. ముందు గేటు దగ్గర మిగిలినవాళ్ళకి చెప్పేవాళ్ళుండరు.

అన్నయ్యకి ఫోను చేస్తే ఏమంటాడు? మరి వీళ్ళంతా, అంటాడు. అని, అక్కడే నిలబడి గొంతు చించుకుని అరుస్తాడు. పక్కవాడికి వినపడుతుంది, ఆ పక్కవాడికి వినపడదు, తోసుకుంటారు, తొక్కుకుంటారు, పసిపిల్లలున్నారు. లేదా. ఇదే ఎక్కువ భయపెట్టింది ఆమెని. లేదా అరవడు. వదిన పొట్ట వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా, తనని కూచోబెట్టిన దుప్పటి మడతపెట్టి ఎవరిదో వాళ్ళకి ఇచ్చేసి, ఇప్పుడే వస్తామని చెప్పి వచ్చేస్తాడు. జీపులో తన మొహం చూడడు. ఇంట్లో ముందుగదిలో ఉండి, పెట్టింది తిని, నెమ్మదిగా మాట్లాడి, టీవీలో ఏం చెప్పినా ఎదురనకుండా వింటాడు. ఇంకెప్పుడూ దాంతో పోట్లాడడు. ఆ మౌనాన్ని ఇంట్లో పెట్టుకుని బతకడం. కుట్లు మానతాయి. అది మానుతుందా?

ప్రయాణికులకు మనవి. ఊపిరి. తనూ పీల్చింది. పళ్ళ మధ్య బిగపట్టింది. కింద ఒక ముసలాయన లేచి నిలబడి, లౌడ్‌స్పీకరు వైపు చెయ్యి ఊపి ఏదో అడుగుతున్నాడు, మనిషిని అడిగినట్టు, మర్యాదగా, తలపాగా సర్దుకుని. మాటలు వినపడవు ఇక్కడికి, అద్దం మందం. ఏమ్మా, మా ఊరికి కూడా ఉందా అని అడుగుతున్నాడేమో. గొంతు ఆగింది, ఆయన జవాబు కోసం ఆగాడు, గొంతు మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. ఆయన తల ఊపాడు, అర్థమైందన్నట్టు. కూచున్నాడు.

అది చూసి ఇంక లోపల ఏదీ నిలవలేదు. ఏం అర్థమైంది తాతా నీకు? ఏం చెప్పాను నేను? ఇంతమంది ఇంత ఓపిగ్గా ఎందుకు కూచున్నారు, ఒక్కడైనా ఈ అద్దం మీదికి రాయి ఎందుకు వెయ్యడు? వేస్తే బాగుండును. రాయి వేస్తే మూకలు, రోగాన్ని మోసుకొచ్చేవాళ్ళు, బాధ్యత లేనివాళ్ళు అంటారు, అందుకని వెయ్యరు, చెప్పిన చోట చెప్పినట్టు కూచుంటారు, కూచుంటే రేపు లారీ ఎక్కించి గోడౌన్లో పోసి, ఎంత క్రమశిక్షణో చూడండి అంటారు. బస్సులకి డబ్బాలో మాటలున్నాయి. ఆలస్యానికి ఉన్నాయి, ప్లాట్‌ఫారం మారితే ఉన్నాయి, సుఖప్రయాణానికి ఉన్నాయి. మిమ్మల్ని మోసం చేశారు అన్న మాట ఆ డబ్బాలో లేదు. ఎంతమంది కూచుని కత్తిరించి ఎన్ని రకాలుగా అతికించినా రాదు. అది ఎవరో ఒకరు ఇప్పుడు, ఈ నోటితో, అనవలసిందే.

సార్ వచ్చి అడ్డుపడకుండా, లేచి తలుపు గొళ్ళెం పెట్టింది. బల్ల చివర మైకు, దాని మీద దుమ్ము పడకుండా కప్పిన గుడ్డ. పిల్లలు తప్పిపోయినప్పుడూ, ఎవరిదైనా సంచి దొరికినప్పుడూ తప్ప దానితో పని ఉండదు. దాని అడుగున ఎర్ర బటను. నొక్కి పట్టుకుంటే రికార్డు తనంతట తనే ఆగుతుంది, వదిలితే ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. గుడ్డ తీసింది. భయమా, కోపమా, ఇప్పుడు విడదీసి చూసుకునే తీరిక లేదు. ఉద్యోగం పోతుంది. పోలీసులొస్తారు, పుకార్లు పుట్టించిందంటారు, దానికి శిక్ష కూడా టీవీలో చెప్పారు. ఇంట్లో ఆయన అంటాడు, నీకెందుకొచ్చిన గొడవ. తర్వాత వీళ్ళు ఎక్కడికి పోవాలో తనకి తెలియదు. కొందరు వెనక్కి పోయి ఇంటాయనల తలుపులు కొడతారు, కొందరు నడక మొదలుపెడతారు, కొందరు ఇక్కడే ఉంటారు. ఏది మంచిదో తనకేం తెలుసు. తెలిసినట్టు చెప్పేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. గేట్లు ఇంకా తెరిచే ఉన్నాయి, అది మాత్రం తెలుసు.

బటను నొక్కింది.

కోరుచున్నా, దగ్గర తెగిపోయింది ఆ పిల్ల గొంతు. ప్రాంగణం మీద ఒక్కసారిగా నిశ్శబ్దం పడింది, లౌడ్‌స్పీకర్లలో సన్నటి గర్ర్ మన్న చప్పుడు. మాట్లాడబోతే ఎండిపోయిన గొంతులో గరగర, దగ్గు వచ్చింది. అన్ని స్తంభాల మీదనుంచీ అన్ని డబ్బాలూ ఒకేసారి దగ్గాయి. కిందున్న జనమంతా ఉలిక్కిపడి తలెత్తారు, ఎవరికి వాళ్ళు గుడ్డలు మూతుల మీదికి లాక్కున్నారు. అన్నయ్య లేచి నిలబడ్డాడు.

"అమ్మా, అయ్యా, వినండి. బస్సులు రావు." తన గొంతే. బొంగురుగా, పెళుసుగా, వయసొచ్చిన గొంతు. "రావని పొద్దున్నే తెలుసు వీళ్ళకి. మీకు చెప్పలేదు. లారీలొస్తున్నాయి, మిమ్మల్ని ఊరిబయట గోడౌన్లో పెట్టడానికి. గేట్లు ఇంకా వెయ్యలేదు. తోసుకోకండి, పిల్లల చేతులు పట్టుకోండి. అన్నయ్యా, వదినని తీసుకుని మా ఇంటికి పద, ఆయన ఏమన్నా సరే."

వెనక తలుపు మీద దబదబా బాదుతున్నారు, అమ్మా తల్లీ ఏం చేస్తున్నావు, తియ్యి, సర్దుకుందాం తియ్యి అంటూ. కింద గేటు దగ్గర మొదటి మూట ఒకటి నెత్తికెక్కింది. ఇంకా వెనకాల, స్టాళ్ళ అవతల, చాలామంది ఇంకా తలెత్తి చూస్తూనే ఉన్నారు, వాళ్ళకి సరిగ్గా వినపడలేదేమో. మళ్ళీ చెప్పింది. వేలు నొప్పి పుడుతోంది. తీస్తే ఆ పిల్ల ఆగిన చోటి నుంచి నవ్వుతూ అందుకుంటుంది. తియ్యలేదు.